గల్లీలో పిలుపు ఎవరి మిల్కియత్?



అసర్ నమాజు అయి, చాయ్ నీళ్లు పొయ్యి మీద పెట్టే వేళకు మా కీసర గల్లీలో ఓ పిలుపు వినిపిస్తుంది. "బన్ను... రొట్టె... ఖారీ... ఉస్మానియా బిస్కెట్..." ఆటో మీద కట్టిన స్పీకర్‌లోంచి వచ్చే ఆడగొంతు అది. వినగానే పిల్లలు హోంవర్క్ వదిలేస్తారు. ఆడవాళ్లు చిల్లర వెతుక్కుంటూ గేటు దగ్గరికి వస్తారు. ఆ గొంతు మా ఆపాది. ఆటో ఆమె కొడుకుది. మా భాంజా ఫజర్ కాగానే నాచారం వెళ్లి ఓ బేకరీలో సరుకు ఎత్తుకుంటాడు. పొద్దున ఈసీఐఎల్, కుషాయిగూడ వైపు తిరిగి, సాయంత్రానికి దమ్మాయిగూడ, నాగారం, రాంపల్లి మీదుగా కీసర చేరతాడు. ఆరేళ్లుగా ఇదే వాడి రోజీ.

ఆటో కొన్న కొత్తలో గొంతు చించుకొని అరిచేవాడు. వారం తిరిగేసరికి గొంతు బొంగురుపోయింది. అప్పుడు మా ఆపా వంటింట్లో నిలబడి, ఫోన్ ముందు పెట్టుకొని, ఆ నాలుగు మాటల్నీ ఓ వరసలో పాడినట్టు చెప్పింది. సరిగ్గా ఆఖరున పొయ్యి మీది కుక్కర్ కూత పెట్టింది. మళ్లీ చేద్దామంటే ఆపా ఒప్పుకోలేదు. "ఉండనియ్యిరా, బాగనే ఉంది" అంది. కుక్కర్ కూతతో సహా ఆ రికార్డింగే నాలుగు ఊళ్లలో వాడి పెహచాన్ అయింది.

మొన్న ఈద్ అయిన పది రోజులకు రాంపల్లి దగ్గర ఓ పెద్దమ్మ వాణ్ణి ఆపి తిట్టింది. "నిన్న నీ దగ్గర కొన్న రొట్టెకు బూజు పట్టి ఉన్నది బిడ్డా. పసిపిల్లలు తినేది. గిట్ల అమ్ముతరా?" మావాడు నిన్న ఆ కాలనీకి పోనే లేదు. ఆ మాట చెబితే ఆమె నమ్మలేదు. "నీ బండి గొంతు నాకు తెల్వదా?" అంది. రెండు రోజుల తర్వాత అసలు సంగతి తెలిసింది. ఇంకో ఆటో తిరుగుతోంది. అదే పిలుపు, అదే మా ఆపా గొంతు, ఆఖరున అదే కుక్కర్ కూత.

ఇంటికొచ్చి వాడు అన్నం ముట్టలేదు. "మామూ, నా దుకాణ్ బోర్డు ఎత్కపోతే పోలీసుల కాడికి పోవచ్చు. అమ్మీ గొంతు ఎత్కపోతే ఏడికి పోవాలె?" అన్నాడు. ఆ సవాల్‌కు నా దగ్గర జవాబు లేదు. తెలిసిన ఓ వకీల్ సాబ్ నాచారంలో ఉంటే ఇద్దరం వెళ్లాం. అక్కడ విన్నదీ, తర్వాత నేను చదివి తెలుసుకున్నదీ, దాని మీద నా రాయ్ ఏమిటో మీతో చెప్పాలనిపించింది. మనలో చాలా ఇళ్లు చిన్న తిజారత్ మీదే నడుస్తాయి కదా.

ముందు కానూన్ సంగతి. శబ్దాన్ని కూడా ట్రేడ్ మార్క్‌గా రిజిస్టర్ చేయించుకోవచ్చు. మన దేశంలో 1999 నాటి ట్రేడ్ మార్క్స్ చట్టం ఉంది. ఒకరి సరుకును ఇంకొకరి సరుకు నుంచి వేరుగా గుర్తుపట్టించగలగాలి, కాగితం మీద చూపించగలగాలి. మార్క్‌కు ఆ చట్టం పెట్టిన షరతులు ఈ రెండే. పేరు, బొమ్మలతో పాటు శబ్దానికీ అక్కడ జాగా దొరికింది. 2008 ఆగస్టులో యాహూ కంపెనీ వాళ్ల "యాహూ..." అనే కూనిరాగం మన దేశంలో మొదటి శబ్ద ట్రేడ్ మార్క్‌గా రిజిస్టర్ అయింది. 2011లో ఐసీఐసీఐ బ్యాంకు తన ప్రకటనల్లో మోగే చిన్న బాణీని రిజిస్టర్ చేయించుకుంది. భారతీయ సంస్థల్లో అదే మొదటిది. 2017 నాటి ట్రేడ్ మార్క్స్ నియమాలు పద్ధతిని ఇంకా తేటగా చెప్పాయి. 30 సెకన్లు దాటని ఎంపీ3 రికార్డింగ్ ఇవ్వాలి, దానితో పాటు ఆ శబ్దాన్ని స్వరాల్లో రాసిన కాగితం ఇవ్వాలి. రిజిస్టర్ అయితే పదేళ్లు చెల్లుతుంది. ఆ తర్వాత ఫీజు కట్టి పదేసి ఏళ్లకు పొడిగించుకుంటూ పోవచ్చు.

కంపెనీలు దీని మీద ఇంత మెహనత్ ఎందుకు పెడతాయో మనకు తెలియనిది కాదు. ఉప్పల్ స్టేడియంలో ఐపీఎల్ మ్యాచ్ రోజున ఆ బాకా మోగితే, రోడ్డు మీద బస్సులో ఉన్నవాడికీ లోపల ఏం జరుగుతోందో తెలిసిపోతుంది. కళ్లు మూసుకోవచ్చు గానీ చెవులు మూసుకోలేం. నోకియా ఫోన్ మోత మీకు గుర్తుండే ఉంటుంది. అది నోకియా కట్టిన బాణీ కాదు. ఫ్రాన్సిస్కో తారెగా అనే స్పెయిన్ గిటార్ విద్వాంసుడు 1902లో కట్టిన వాల్ట్జ్‌లోని చిన్న ముక్క. ఆయన పోయి ఎన్నో ఏళ్లయింది కాబట్టి దాన్ని ఎవరైనా వాయించుకోవచ్చు. కానీ ఫోన్ల తిజారత్‌లో ఆ మోత వింటే జనం నోకియా అనుకున్నారు. అందుకే అది ఆ కంపెనీ మార్క్ అయింది. అంటే కానూన్ ఇక్కడ బాణీని ఎవరు కట్టారని అడగడం లేదు, విన్నవాళ్లకు ఎవరు గుర్తొస్తారని అడుగుతోంది. ఈ ఫరక్ గుర్తుపెట్టుకోండి. నా వాదన మొత్తం దీని మీదే ఉంది.

వకీల్ సాబ్ ఇదంతా చెప్పి, ఆపా రికార్డింగ్ వినిపించమన్నారు. విన్నారు. కుక్కర్ కూత దగ్గర నవ్వారు. తర్వాత మావాడి మొహంలోకి చూసి, "బేటా, మాటలు మీ అమ్మీవి. ఈ వరస ఎవరిది?" అని అడిగారు.

మావాడు తల దించుకున్నాడు. ఆ వరస ఓ పాత సినిమా పాటది. ఆపాకు చిన్నప్పటి నుంచీ ఇష్టమైన పాట. తెలిసో తెలియకో ఆ పల్లవి ఎత్తులోనే "బన్ను, రొట్టె" అంది. ఆరేళ్లుగా మేమందరం విన్నాం. అది ఇంకొకరి అమానత్ అన్న ఖయాల్ మాకెవరికీ రాలేదు. మా సొమ్ము పోయినప్పుడు మాత్రం చోరీ అన్నాం.

సినిమా పాట సంగతి ఇంకో కానూన్ కిందికి వస్తుంది. అది కాపీరైట్. బాణీ కట్టినవారి జీవితకాలం, వారు పోయాక ఇంకో 60 ఏళ్లు ఆ హక్కు ఉంటుంది. ఈ గొడవ మన తెలుగువాళ్ల ఇళ్లలోకి బాగా వచ్చింది 2017లో. ఆ మార్చిలో ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారు అమెరికాలో కచేరీలు చేస్తుండగా, తన పాటలను ఇజాజత్ లేకుండా పాడొద్దని ఇళయరాజా గారి తరఫున లీగల్ నోటీసు వెళ్లింది. ఆ సంగతి బాలు గారే ఫేస్‌బుక్‌లో చెప్పారు. జనం రెండు పార్టీలయ్యారు. పాడినవాడు లేకపోతే ఆ బాణీ ఎక్కడిదని కొందరు, బాణీ లేకపోతే పాడేదేమిటని కొందరు. తర్వాత వాళ్లిద్దరూ మళ్లీ ఒకే వేదిక ఎక్కారు. కానీ ఒక సబక్ మనకు మిగిలింది. మనం గాలిలోంచి వచ్చిందనుకునే పాట వెనక ఎవరో ఒకరి రాత్రుళ్లు ఉంటాయి.

కాబట్టి మా కేసు ఇలా తేలింది. మాటలు అందరివీ. వరస సినిమావాళ్లది. మాకంటూ మిగిలింది ఆపా గొంతు, కుక్కర్ కూత. వకీల్ సాబ్ నవ్వుతూనే అన్నారు, "మీ ట్రేడ్ మార్క్ ఆ కూతే" అని. ఆటోలో తిరిగొస్తూ మావాడు కూడా నవ్వాడు, అన్నం మానేసిన రోజు తర్వాత మొదటిసారి.

ఆ రాత్రి నాకు మా తాత యాదికొచ్చాడు. మేం దూదేకులవాళ్లం. మా ఇంట్లో తాతను తాత అనే పిలిచాం. ఇంట్లో తెలుగు, నమాజులో అరబీ, బజారులో ఉర్దూ. తాత భుజం మీద పొడవాటి కమాను వేసుకొని ఘట్‌కేసర్, బోగారం, కీసర ఊళ్లన్నీ కాలినడకన తిరిగేవాడు. ఎవరి ఇంటి అరుగు మీదో పాత పరుపు విప్పి, గడ్డకట్టిన దూది కుప్ప పోసి, కమాను నరాన్ని కొయ్య గుబ్బతో కొడుతుంటే "టంయ్... టంయ్..." మని మోగేది. దూది మంచులా లేచేది. ఆ మోత కోసం ఎవరూ చేసింది కాదు. పని చేస్తే వచ్చేది. దేశంలో ఏ దూదేకులవాడి కమానైనా అలాగే మోగుతుంది.

కానీ గల్లీ మొదట్లోకి రాగానే తాత దూది లేకుండానే నరం మీద మూడు దెబ్బలు వేసేవాడు. ఒకటి నిదానంగా, రెండు తొందరగా. "టంయ్... టం టం." అది వింటే ఇళ్లలో ఆడవాళ్లు "మన సాయిబు వచ్చిండు" అని పరుపులు బయటికి తెచ్చేవాళ్లట. వేరే దూదేకులాయన వస్తే తెచ్చేవాళ్లు కాదట. ఇది మా నానమ్మ చెప్పిన మాట.

నన్నడిగితే శబ్ద ట్రేడ్ మార్క్ కానూన్ అంతా తాత కమానులో ఉంది. ఏకుతుంటే వచ్చే మోత ఆ పనిది, ఆ బిరాదరీది. దాన్ని ఒక్కడు నాదంటే మిగతా అందరి రోజీ కొట్టినట్టు. గల్లీ మొదట్లో వేసిన మూడు దెబ్బలు మాత్రం తాతవి. ఇంకొకడు వాటిని వేసి, చెత్త దూది నింపిన పరుపు అంటగడితే అది ధోకా.

మన చట్టంలోనూ ఈ ఫరక్ ఉంది. ఆ వ్యాపారంలో అందరూ మామూలుగా వాడే గుర్తుల్ని ఒకరి పేరున రిజిస్టర్ చేయకూడదని 9వ సెక్షన్ చెబుతుంది. అమెరికాలో హార్లీ డేవిడ్‌సన్ మోటార్ సైకిళ్ల కంపెనీ 1994లో తన ఇంజన్ మోతను ట్రేడ్ మార్క్ చేయమని దరఖాస్తు పెట్టింది. మిగతా కంపెనీలు, ఆ రకం ఇంజన్ పెడితే ఎవరి బండైనా అలాగే మోగుతుందని అడ్డం తిరిగాయి. ఏళ్ల తరబడి నడిచి, 2000లో హార్లీ తన దరఖాస్తు తానే వాపసు తీసుకుంది. తాత కమానుకూ ఆ ఇంజన్‌కూ పెద్ద తేడా లేదు.

యూరప్‌లో ఇంకో తమాషా కేసు నడిచింది. డచ్ దేశపు కంపెనీ ఒకటి బీథోవెన్ బాణీలోని మొదటి తొమ్మిది స్వరాలనూ, దాంతో పాటు కోడి కూతనూ మార్కులుగా రాయించుకుంది. కోడి కూతను వాళ్ల భాషలో "కుకెలెకూ" అని అక్షరాల్లో రాసి ఇచ్చింది. 2003 నవంబర్‌లో యూరప్ న్యాయస్థానం, స్వరలిపిలో సరిగ్గా రాస్తే బాణీ చెల్లుతుంది గానీ, కూతను అక్షరాల్లో రాస్తే చెల్లదని చెప్పింది. నిజమే కదా. వాళ్ల కోడి "కుకెలెకూ" అంటుంది, మన కోడి "కొక్కొరొకో" అంటుంది. కోడి మాత్రం ఒకటే.

ఇప్పుడు నా రాయ్ చెబుతాను. శబ్దానికి ట్రేడ్ మార్క్ ఇవ్వడం తప్పు కాదు. కానీ అది ధోకా నుంచి కాపాడే కంచెగానే ఉండాలి. శబ్దం మీద మిల్కియత్ రాసిచ్చే పట్టా కాకూడదు. రాంపల్లి పెద్దమ్మకు జరిగింది చూడండి. నష్టం మావాడికి ఒక్కడికే కాలేదు. గొంతును నమ్మి కొన్న ఆమెకు మొదట అయింది. ఆమె నమ్మకాన్ని కాపాడేది ఏదైనా నాకు మంజూరే. ఆ నమ్మకంతో సంబంధం లేకుండా, అందరి నోట్లో ఉన్న పిలుపును డబ్బున్నవాడు రాయించుకుంటే మాత్రం అది ఇన్సాఫ్ కాదు.

ఈ భయం ఉత్తది కాదని అనుకుంటున్నాను. మన హైదరాబాద్ మర్ఫానే తీసుకోండి. నిజాం ఫౌజులోకి యెమెన్ నుంచి వచ్చిన అరబ్బులు, ఆఫ్రికా నుంచి వచ్చిన సిద్దీలు తెచ్చిన దరువు అది. బార్కస్, ఏసీ గార్డ్స్ మొహల్లాల్లో ఇప్పటికీ బతికి ఉంది. ఆ తీన్ మార్ ఇవ్వాళ తెలంగాణలో మతం లేదు, కులం లేదు, అందరి బరాత్‌లోనూ మోగుతుంది. 2011లో సినిమా పేరు కూడా అయింది. రేపు ఏ ఫోన్ కంపెనీయో, ఏ టీవీయో ఆ దరువులోంచి నాలుగు దెబ్బలు తీసి తన మార్క్‌గా రాయించుకుంటే? తన రంగంలో ధోకా ఆపడానికైతే ఒక పరిమితి వరకు అర్థం చేసుకోవచ్చు. కానీ పెళ్లిలో వాయించే మర్ఫావాడికి నోటీసు పోయే రోజు రాకూడదు.

"అలాంటప్పుడు బిరాదరీ పేరునే హక్కు రాయించుకుంటే పోదా?" అని మీలో కొందరు అడగొచ్చు. హలీమ్‌కు అలాగే చేశాం. 2010లో హైదరాబాద్ హలీమ్‌కు జీఐ గుర్తింపు వచ్చింది. అది ఏ ఒక్క హోటల్‌దో కాదు, ఇక్కడి పద్ధతిలో వండే అందరిదీ. కానీ జీఐ చట్టం సరుకులకే వర్తిస్తుంది. బొబ్బిలి వీణకు జీఐ ఉంది, ఎందుకంటే వీణ చేత్తో పట్టుకునే వస్తువు. దాని మీద పలికే రాగానికి లేదు. మర్ఫా చర్మ వాద్యానికి రేపు జీఐ వస్తే రావచ్చు, దాని దరువుకు రాదు. కాబట్టి అందరి శబ్దాలను కాపాడే దారి ఒకటే. ఎవరో రాయించుకోబోతుంటే మనం మేలుకొని ఉండటం. దరఖాస్తు ట్రేడ్ మార్క్స్ జర్నల్‌లో అచ్చయ్యాక నాలుగు నెలల్లోపు ఎవరైనా ఎతిరాజ్ చెప్పొచ్చు. దీనికి కంపెనీయే కానక్కర్లేదు, మామూలు మనిషీ చెప్పొచ్చు.

ఇక దీన్ సంగతి. అజాన్ మీద ఎవరైనా ట్రేడ్ మార్క్ తీసుకుంటే ఎట్లా అని మా భాంజా చిన్న తమ్ముడు అడిగాడు. పిల్లవాడి సవాల్ అయినా మంచి సవాల్. ఏ వర్గం మత భావాలనైనా గాయపరిచే మార్కును రిజిస్టర్ చేయకూడదని అదే 9వ సెక్షన్‌లో ఉంది. 2015లో సుప్రీంకోర్టు ఓ తీర్పు ఇచ్చింది. అగరుబత్తులకు "రామాయణ్" అనే పేరును తన ఒక్కడి మార్క్‌గా ఇమ్మని ఓ వ్యాపారి అడిగితే, పవిత్ర గ్రంథం పేరును సరుకు అమ్ముకోవడానికి ఏ ఒక్కరూ తమ సొంతం చేసుకోలేరని చెప్పింది. ఆ తీర్పు హిందూ సోదరుల గ్రంథం గురించి వచ్చినా, అందులోని ఇన్సాఫ్ మనకూ కావలసిందే.

మన ఉలమా కూడా ఈ మసలా మీద ఊరుకోలేదు. 1988 డిసెంబర్‌లో కువైట్‌లో కూర్చున్న ఇంటర్నేషనల్ ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ, వ్యాపార నామానికీ ట్రేడ్ మార్క్‌కూ రచనకూ ఆవిష్కరణకూ ఈ కాలంలో విలువ ఉందనీ, అవి షరీఅత్ గుర్తించే హక్కులనీ, వాటి మీద చెయ్యి వేయడం జాయెజ్ కాదనీ తీర్మానించింది. ధోకా లేకుంటే వాటిని అమ్ముకోవచ్చనీ చెప్పింది. అంటే కంటికి కనబడని వస్తువు మీద కూడా హక్ ఉంటుంది. హుఖూఖుల్ ఇబాద్ అని జుమా ఖుత్బాలో వింటాం. దాన్ని అప్పు, జమీన్ వరకే ఆపేస్తాం. ఇంకొకరి నాత్ రికార్డింగ్‌ను మన ఛానల్‌లో మన పేరుతో పెట్టుకోవడం, ఎవరో ఖారీ సాబ్ తిలావత్‌ను ఇజాజత్ లేకుండా ప్రకటన వెనక వేయడం, ఇవన్నీ సవాబ్ పనులే అనుకుంటాం. ఆరేళ్లు సినిమా బాణీ మీద రొట్టెలు అమ్మిన ఇల్లు మాది. కాబట్టి ఈ నసీహత్ ముందు నాకే.

సర్కార్‌కు కూడా ఒక మాట. సొంతంగా వ్యాపారం చేసుకునేవాడు ఆన్‌లైన్‌లో ట్రేడ్ మార్క్ దరఖాస్తు పెడితే ఒక్కో తరగతి సరుకుకు 4,500 రూపాయలు. పెద్ద కంపెనీలకు 9,000. తేడా పెట్టినందుకు సంతోషమే. కానీ రోజుకు ఐదారు వందలు మిగుల్చుకునే ఆటోవాడికి అది ఎనిమిది తొమ్మిది రోజుల సంపాదన. పైగా పిలుపును స్వరాల్లో రాసి ఇమ్మంటే మా ఆపా ఎవరి దగ్గరికి పోవాలి? కుక్కర్ కూత ఏ స్వరమని రాయాలి? యూరప్‌లో 2017 అక్టోబర్ నుంచి కాగితం మీద చూపాలన్న షరతే తీసేశారు, రికార్డింగ్ ఇస్తే చాలు. మన దగ్గరా ఆ షరతు పోవాలి. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం కింద పట్టణాల్లో వెండింగ్ కమిటీలు ఉన్నాయి. వ్యాపారికి ఇచ్చే సర్టిఫికెట్‌తో పాటు వాడి పిలుపును కూడా తారీఖుతో రికార్డు చేసి ఉంచుకుంటే, రేపు గొడవ వచ్చినప్పుడు అదే గవాహీ అవుతుంది. ఖర్చు లేని పని.

అప్పటిదాకా మనం చేసుకోగలిగింది కొంత ఉంది. రిజిస్టర్ కాకపోయినా, ఒకడు తన సరుకును ఇంకొకడిదిగా నమ్మించి అమ్మితే కోర్టుకు వెళ్లే హక్కును చట్టం కాపాడింది. దానికి కావలసింది సబూత్. మీ దుకాణానికి, బండికి ఓ పిలుపు ఉంటే దాన్ని మీ సొంత వరసలో కట్టుకోండి. మొదటి రికార్డింగ్‌ను తారీఖుతో దాచండి. ఎప్పటి నుంచి ఏ గల్లీల్లో తిరుగుతున్నారో చెప్పగల నలుగురు గిరాకీల ఎరుక ఉంచుకోండి.

మా కథ ఎక్కడిదాకా వచ్చిందో కూడా చెప్పాలి. నోటీసు పంపలేదు. ఓ రోజు జుహర్ తర్వాత దమ్మాయిగూడలో ఆ రెండో ఆటో దొరికితే నేను, మావాడు వెళ్లి మాట్లాడాం. కొట్లాట అవుతుందేమోనని నాకు గుండె దడ. ఆటో నడిపేవాడు ఇరవై రెండేళ్ల పోరడు. మేం చెప్పింది విని బిత్తరపోయాడు. "అన్నా, గా గొంతు ఎవరిదో నాకు తెల్వదు. స్పీకర్ కొన్నకాడ మెమరీ కార్డుల ఏసిచ్చిన్రు. నూటయాభై తీసుకున్నరు" అన్నాడు. బూజు పట్టిన రొట్టె సంగతి అడిగితే, సరుకు ఇచ్చేవాడు పాతదీ కొత్తదీ కలిపి కట్టాడని, తనకూ నష్టమే అయిందని చెప్పాడు. ఇల్లు కిరాయి, చెల్లె పెండ్లి, అవన్నీ కూడా చెప్పాడు. మా ముందే స్పీకర్ బంద్ చేశాడు.

అంటే మా ఆపా గొంతు ఎక్కడో ఓ దుకాణంలో నూటయాభైకి అమ్ముడవుతోంది. ఇంకెన్ని బండ్ల మీద మోగుతోందో! ఆ పోరణ్ణి చోర్ అనడానికి నాకు నోరు రాలేదు. అసలు ధోకా చేసినవాడు మాకు కనబడనే లేదు. కానూన్ చేతులు అంత దూరం పోవాలంటే, ముందు ఆ గొంతు ఒక మనిషిదని, దానికి ఓ హక్ ఉందని కొనేవాడికీ అమ్మేవాడికీ తెలియాలి. ఇంతసేపు నేను రాసింది అందుకే.

మా భాంజా ఆ పాత రికార్డింగ్ తీసేశాడు. సినిమా వరస వద్దనుకున్నాడు. ఇప్పుడు గల్లీ మొదట్లోకి రాగానే ఆటో ఆపి, రొట్టెల రేకు డబ్బా మీద చేత్తో మూడు దెబ్బలు వేస్తాడు. ఒకటి నిదానంగా, రెండు తొందరగా. అది నేను నేర్పింది. తర్వాత తన గొంతుతోనే రెండుసార్లు పిలుస్తాడు. మొదటి వారం గిరాకీ సగానికి పడిపోయింది. మెల్లగా తిరిగి వస్తోంది, అల్హందులిల్లాహ్.

రాంపల్లి పెద్దమ్మ నిన్న మళ్లీ రొట్టె కొన్నదట. తీసుకునే ముందు అటూ ఇటూ తిప్పి చూసి, "మీ అమ్మ గొంతు ఏమైంది బిడ్డా, మంచిగుందా?" అని అడిగిందట. మంచిగుందని చెప్పు అని ఆపా కబురు పంపింది.